ముక్కలు చేసినవాడికే మోక్షం

ఒక్క మాటలో తేలిపోయే విషయాన్ని రెండు వందల యాభై ఆరు మాటల్లో చెప్పగలగడమే నాగరికతకు గీటురాయి. రాజకీయ నాయకులు, సన్మాన పత్రాలు రాసేవారు ఈ విద్యలో కొంత సాధించారు గానీ, దాన్ని పరాకాష్ఠకు చేర్చిన ఘనత ఇంటర్నెట్ సంస్థలది. అయినా వాటిని ఇంతవరకు ఎవరూ శాలువా కప్పి సత్కరించలేదు. కనీసం ఒక వ్యాసమైనా రాయకపోతే బాగుండదు.

సంగతి తెలియనివారి కోసం కొంచెం వివరం. ఇంటర్నెట్ సేవలు అందించే ప్రతి సంస్థ చేతిలోనూ ఐపీ చిరునామాల (నెట్‌కు తగిలించిన యంత్రాలను గుర్తుపట్టే అంకెల) బ్లాకులు కొన్ని ఉంటాయి. ‘ఈ చిరునామాలు నా దగ్గరున్నాయి, వీటికి రావలసింది నాకు పంపండి’ అని ఆ సంస్థ లోకానికి చాటుకుంటుంది. ఆ చాటింపు వేసే పద్ధతి పేరు బీజీపీ. 1989లో ఇద్దరు ఇంజనీర్లు భోజనం చేస్తూ, చేతులు తుడుచుకునే కాగితాల మీద దాని చిత్తుప్రతి గీశారు. /22 అనే బ్లాకులో 1,024 చిరునామాలుంటాయి; గీత పక్క అంకె ఒకటి పెరిగితే బ్లాకు సగమవుతుంది. దాన్ని ఒకే వరుసగా ప్రకటించి ఊరుకోవచ్చు. లేదంటే నాలుగు /24 ముక్కలుగా కోసి నాలుగు వరుసలు ప్రకటించవచ్చు. /16 ఉన్న మారాజులైతే ఒక్క వరుసకు బదులు 256 వరుసలు చాటవచ్చు. ఇలా చాటిన ప్రతి వరుసా ఇంటర్నెట్ మొత్తానికి దారి తెలిసిన ప్రతి పెద్ద రూటరులోనూ (దారి చూపే యంత్రం అన్నమాట), అది ఏ ఖండంలో ఉన్నా సరే, చోటు ఆక్రమిస్తుంది. కోసినవాడికి అయ్యే ఖర్చు కీబోర్డు మీద కాసేపు వేళ్లాడించడమే.

రేణిగుంట కూడలిలో ‘తిరుపతి’ అని బాణం గుర్తుతో ఒక బోర్డు ఉంటే చాలు. ముందు తిరుపతి చేరతారు, సందులూ గొందులూ ఊళ్లోవాళ్లే చూపిస్తారు. కలిపి చెప్పడమంటే ఇంతే. ముక్కలు చేయడమంటే అదే కూడలిలో ‘భవానీ నగర్ ఇటు’, ‘కొర్లగుంట ఇటు’, ‘బాలాజీ కాలనీ ఇటు’, ‘ఎం.ఆర్. పల్లె ఇటు’ అని వరసగా బోర్డులు పాతడం. బాణాలన్నీ ఒకే వైపు! రేణిగుంటతో ఆగితే సరిపెట్టుకోవచ్చు. ఇవే బోర్డులు చెన్నైలోనూ, టోక్యోలోనూ, సావో పాలోలోనూ లేస్తాయి. కొర్లగుంట ఎటో తెలియక బ్రెజిల్‌లో ఎవరూ దారి తప్పకూడదు కదా. నేల వాళ్లది, స్తంభం వాళ్లది, రంగు వాళ్లది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మన పెద్దలు ఎగతాళి చేశారు గానీ, ఆ అల్లుడి దూరదృష్టిని గుర్తించలేకపోయారు.

ఈ విద్య మొత్తం ఒకే ఒక్క నియమం మీద నిలబడింది. ఒక చిరునామాకు రెండు బోర్డులు కనిపిస్తే, రూటరు ఎక్కువ వివరంగా ఉన్న బోర్డునే నమ్ముతుంది. ఆ బోర్డు పాతింది ఎవరు, దాని యోగ్యత ఏమిటి, అసలు ఆ వీధి అతనిదేనా అన్న విచారణ దానికి లేదు. ముక్క ఎంత చిన్నదైతే మాటకు అంత విలువ. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు. ఇక్కడ ఊరంతా కలిసి ఉలిపికట్టె వెంటే నడుస్తుంది.

పాతకాలపు పెద్దలకు ఈ రసికత తెలియదు. రూటింగ్ టేబుల్, అంటే రూటర్లలోని ఈ వరుసల పట్టిక, పెరిగిపోతోందని హడలిపోయి 1993లో సీఐడీఆర్ అనే పద్ధతి తెచ్చారు. పక్కపక్కన ఉన్న బ్లాకులను కలిపి ఒకే వరుసగా చెప్పండి నాయనా అని బతిమాలుకున్నారు. అప్పట్లో ప్రపంచం మొత్తానికి ఉన్నవి మహా అయితే ఇరవై వేల వరుసలు. ఇప్పుడవి పది లక్షల చుట్టుపక్కల ఉన్నాయి, అందులో సగానికి పైగా /24 ముక్కలే. అంతకన్నా చిన్న ముక్కను సాధారణంగా ఎవరూ పుచ్చుకోరు కాబట్టి కోత అక్కడ ఆగింది. అభిమానం అడ్డొచ్చి ఆగిందనుకుంటే పొరపాటు. న్యాయానికి ఇది కూడా చెప్పాలి: 2011లో కొత్త చిరునామాల నిల్వ అడుగంటింది. ఆ తరువాత వచ్చిన చిన్న సంస్థలకు /22, ఇప్పుడైతే /23 దొరకడమే గగనం. కలపడానికే ఏమీ లేనివాణ్ని కలపలేదని తిట్టడం అన్యాయం. నా అభినందనలు కలపడానికి బోలెడంత ఉండి కూడా కలపనివారికే.

జెఫ్ హస్టన్ అని ఆస్ట్రేలియాలో ఒక పెద్దమనిషి ఉన్నారు. ఈ వరుసలు లెక్కపెట్టడమే ఆయనకు దశాబ్దాల వ్యాసంగం. టోనీ బేట్స్ అనే ఇంజనీరు మొదలుపెట్టి, తరువాత ఈయన నడిపిన సీఐడీఆర్ రిపోర్టు అనే లెక్క వారం వారం వచ్చేది. ఫలానా నంబరు గల సంస్థ ఇన్ని వరుసలు చాటుతోంది, కలిపి చెబితే ఇన్నే సరిపోతాయి, ఇన్ని దండగ అని పట్టికలో పెట్టి మరీ చూపేవారు. సిగ్గుపడి సర్దుకుంటారని ఆశ. జాబితా పైవరుసలో ఉన్నవారు ఏళ్లకేళ్లు అక్కడే స్థిరనివాసం ఏర్పరుచుకున్నారు. పరువు తీయాలంటే అవతలివాడి దగ్గర అది కొంత నిల్వ ఉండాలన్న సూక్ష్మం ఆ పెద్దలకు తట్టలేదు.

సిద్ధాంతం చాలు, ఆచరణ చూద్దాం. తిరుపతిలో తిలక్ రోడ్డు పక్క సందులో, చెప్పుల దుకాణం పైన, ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థ ఉంది. పేరు అనవసరం. గది నిండా ఏసీ చలి, మూలన ఒక ర్యాకు, ర్యాకులో రూటరు. దసరా ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమ బొట్టు దాని నుదుట ఇంకా అలాగే ఉంది. పొడి రాలి ఫ్యాను లోపలికి పోకుండా కింద ఎవరో టేపు ముక్క అంటించారు. భక్తికీ సాంకేతికతకూ ఇంత చక్కటి సయోధ్య ఇంకెక్కడా చూడం. ఆ సంస్థకు ఉన్నది ఒకే ఒక్క /22.

“ఒక్క బ్లాకుకు ఐదు వరుసలెందుకు బాబూ?” అని అక్కడి ఇంజనీరును అడిగాను.

“ఐదు కాదు సార్, నాలుగే. మొత్తం బ్లాకును చాటడం మానేశాం, నాలుగు ముక్కలనే చాటుతున్నాం.”

కారణం కూడా చెప్పాడు, అది నిజమైన కారణమే. పైనుంచి వారికి రెండు లైన్లున్నాయి, ఒకటి చెన్నై నుంచి, ఒకటి హైదరాబాదు నుంచి. రెండూ ఒకే పెద్ద సంస్థవి. సాయంత్రం ఏడు దాటిందంటే ఊరంతా సినిమాలూ క్రికెట్టూ పెట్టుకుని కూర్చుంటుంది, చెన్నై లైను కిక్కిరిసిపోతుంది, హైదరాబాదు లైను ఖాళీగా పడి ఉంటుంది. “మేము పంపేదాన్ని మా ఇష్టం వచ్చిన లైనులో పంపుకుంటాం సార్. మాకు వచ్చేదే మా చేతిలో లేదు. పంపేవాడు ఏ దారి ఎంచుకుంటే అదే. ముక్కలు చేసి, రెండు చెన్నైలో రెండు హైదరాబాదులో చాటితే తప్ప మాట వినరు.” ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వచ్చే ట్రాఫిక్కును అదుపు చేసే ఉపాయాలు బీజీపీలో అసలే తక్కువ, వాటిలో అచ్చంగా పనిచేసేది ఇదే.

పుత్తూరు దగ్గర రోడ్డు పనుల్లో జేసీబీ ఒకటి చెన్నై ఫైబరును తెంపిన రోజున ఈ ఉపాయం గొప్పతనం ఊరందరికీ తెలిసింది. చెన్నైలో చాటిన రెండు ముక్కలూ లోకం నుంచి మాయమయ్యాయి. హైదరాబాదులో చాటినవి భేషుగ్గా ఉన్నాయి. దాంతో ఒకే అపార్టుమెంటులో రెండో అంతస్తులో సీరియల్ నడుస్తోంది, మూడో అంతస్తులో తెర మీద చక్రం తిరుగుతోంది. మూడో అంతస్తు అమ్మ ఫోను చేసి, “కింద సరోజమ్మకు వస్తోంది, మేమేం పాపం చేశాం నాయనా?” అని నిలదీశారు. “మీ చిరునామా చెన్నై ముక్కలో పడిందమ్మా” అన్న జవాబుతో ఆమె సంతృప్తి చెందినట్టు దాఖలాలు లేవు.

హైదరాబాదు లైను మాత్రం నిక్షేపంలా పనిచేస్తూనే ఉంది. ముక్కలతోపాటు మొత్తం /22 కూడా రెండు చోట్లా ఒక వరుసగా చాటి ఉంటే, ముక్కలు పోయినా ఆ పెద్ద వరుస ట్రాఫిక్కును హైదరాబాదు వైపు మళ్లించేది. లోకం నెత్తిన నాలుగు వరుసలు రుద్దినవారు పొదుపు పాటించింది సరిగ్గా ఆ ఒక్క వరుస విషయంలోనే! ఇదేదో తిరుపతికే ప్రత్యేకమనుకోవద్దు. ఇదే నేర్పు చూపేవారు ప్రపంచమంతటా ఉన్నారు.

ముక్కలు చేయడానికి రెండో కారణం భయం. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపాలనుకుంది. యూట్యూబ్ చాటుతున్నది /22. పాకిస్తాన్ టెలికాం దాని మధ్య నుంచి ఒక /24 తీసి ‘ఇది నాది’ అని చాటింది. ఇంటి గడప దాటకూడని ఆ మాటను దానికి లైనిచ్చే హాంకాంగ్‌లోని పై సంస్థ విచారించకుండా లోకానికి మోసేసింది. చిన్న ముక్కదే మాట కాబట్టి, ప్రపంచం యూట్యూబ్‌ను వెతుక్కుంటూ పాకిస్తాన్ వెళ్లి అక్కడే ఆగిపోయింది. సుమారు రెండు గంటలు. యూట్యూబ్ కూడా /24 చాటి, చాలక రెండు /25లు చాటి, ముల్లును ముల్లుతోనే తీసుకుంది. అప్పటినుంచి జాగ్రత్తపరులందరూ దొంగ కోయకముందే తమ బ్లాకును తామే కోసుకుంటున్నారు. దొంగ అదే /24 చాటితే? అతనికి దగ్గరగా ఉన్నవారు అతని వైపు పోతారు, మనకు దగ్గరున్నవారు మన వైపు వస్తారు. సగమైనా దక్కింది కదా. ఏ బ్లాకును ఎవరు చాటవచ్చో డిజిటల్ సంతకంతో నమోదు చేసే ఆర్‌పీకేఐ ఉంది గానీ, దానికి ఫారం నింపాలి. కోతకు ఫారం అక్కర్లేదు.

బోర్డులు ఎక్కువై స్తంభాలు కూలిన రోజూ ఒకటి వచ్చింది. 2014 ఆగస్టు 12న అమెరికాలో వెరైజన్ అనే టెలికాం సంస్థ పొరపాటున ఓ పదిహేను వేల అదనపు ముక్కలు లోకం మీదికి వదిలింది. అప్పటికే అంచున ఉన్న టేబుల్ 512కే గీత, అంటే ఐదు లక్షల పైచిలుకు వరుసలు, దాటింది. కొన్ని పాత రూటర్లలో దారుల కోసం కేటాయించిన ప్రత్యేక మెమరీకి హద్దు అదే. చాలాచోట్ల అవి తడబడ్డాయి, సైట్లు మొరాయించాయి. దీన్ని ప్రమాదమని రాసినవారున్నారు. ఉచితంగా జరిగిన సామర్థ్య పరీక్ష అని నా వాదన. తరువాత చేసిన మరమ్మతు ఇంకా ముచ్చటైనది: కొత్త తరం చిరునామాలైన ఐపీవీ6 కోసం అట్టేపెట్టిన మెమరీలో కొంత లాగి పాత తరం ఐపీవీ4కు రాసిచ్చి, రూటరును ఆపి మళ్లీ వెలిగించారు. రేపటి తరం వాటాను ఇంత శుభ్రంగా, ఒక్క రీస్టార్టుతో వాడేసుకున్న ఉదాహరణ ప్రభుత్వాలకు కూడా చూపలేం.

అయితే ఇదంతా మనుషులు చేత్తో చేసిన కోత. దీనికీ యంత్రాలొచ్చాయి. ట్రాఫిక్కును మెరుగుపరుస్తామని చెప్పే బీజీపీ ఆప్టిమైజర్లు తమకు వచ్చిన రూట్లను లోలోపల వాటంతట అవే కోసుకుంటాయి. 2019 జూన్ 24న పెన్సిల్వేనియాలోని ఒక సంస్థ దగ్గర అలా కోసిన ముక్కలు వారి ఖాతాదారు మీదుగా జారి, వెరైజన్ చేతిలో పడి, ప్రపంచమంతా పాకాయి. ఎన్నో వెబ్‌సైట్ల ట్రాఫిక్కును మోసే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తన మొత్తం ట్రాఫిక్కులో 15 శాతం దాకా పోగొట్టుకుంది. ఇక్కడ గమనించవలసింది, కోసినవి తమ బ్లాకులు కావు, పరాయివారివి. కళ ఇంతకన్నా ఎదగలేదు.

ఛాందసులు ఇక్కడ ఒక పుల్ల వేస్తారు. ముక్కలు కావాలంటే చేసుకోండి, వాటి మీద నో-ఎక్స్‌పోర్ట్ అనే ట్యాగ్ పెట్టండి, అవి మీ పై సంస్థ దగ్గరే ఆగిపోతాయి, బయటికి ఒక్క పెద్ద వరుసే వెళ్తుంది అంటారు. ఈ ట్యాగ్ 1996 నుంచి ఉంది. రెండు లైన్లూ ఒకే సంస్థవి అయినప్పుడు ఇది అక్షరాలా సరిపోతుంది. కొర్లగుంట బోర్డు రేణిగుంటలో ఉంటుంది, బ్రెజిల్‌లో ఉండదు. మన వీధి పేరు సావో పాలోలో కనిపించే అవకాశాన్ని చేతులారా వదులుకోమని చెప్పే ఈ సలహాలో దేశభక్తి లోపించిందని వేరే చెప్పాలా?

కాబట్టి నా ప్రతిపాదన: /24 దగ్గర ఆగడం పిరికితనం. ప్రతి చిరునామాకూ ఒక వరుస ఇద్దాం. మొత్తం 429 కోట్ల చిల్లర. రూటర్లు తయారుచేసేవారికి చేతినిండా పని, మెమరీ వ్యాపారులకు నిత్యకల్యాణం. చిత్తూరు జిల్లాను చీల్చి, నెల్లూరు జిల్లాలో కొంత కలిపి 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాను చేసినప్పుడు ముసాయిదా ప్రకటించారు, అభ్యంతరాలకు నెల రోజుల గడువిచ్చారు, గెజిట్ అచ్చు వేశారు. ఒక్క జిల్లా చీల్చడానికి అంత తతంగం! ఇక్కడ మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు టీ చల్లారేలోగా ఒక బ్లాకును నాలుగు చేస్తాడు, జపాన్ దానికి అభ్యంతరం చెప్పకుండా చోటిస్తుంది.

ఫైబరు తెగిన తరువాత తిలక్ రోడ్డు ఇంజనీరుకు నేను చెప్పిన సలహా ఒకటే: మొత్తం /22ను రెండు లైన్ల మీదా చాటు, ముక్కలకు ఆ ట్యాగ్ తగిలించు. బుద్ధిమంతుడు, సగం వెంటనే అమలు చేశాడు. ఇప్పుడు లోకానికి వెళ్తున్నవి ఐదు వరుసలు. మరి ట్యాగ్ సంగతి అంటే, “పనిచేస్తున్నదాన్ని ఇప్పుడెందుకు ముట్టుకోవడం సార్? దసరాకు ఎలాగూ రూటరు తుడుస్తాం, అప్పుడు చూద్దాం” అన్నాడు.