డిఫ్‌లో లేని తేడా కంపైలర్‌కి కనబడింది

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ధరల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చాలని సీ++లో ఒక సెట్ (విలువల్ని వరుసలో ఉంచేది) తీసుకుని, దాని టెంప్లేట్ ఆర్గ్యుమెంట్‌లోనే, అంటే ఎలా పోల్చాలో చెప్పే టైపు ఇచ్చే చోటే, డెక్ల్‌టైప్ (దేని టైపు ఏంటో తీసిచ్చేది) పెట్టి అందులోనే లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) రాసి పడేశాడు, ఒక్కటే లైను, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. వాడి లాప్‌టాప్‌లో బాగానే కంపైల్ అయింది. బిల్డ్ సర్వర్‌లో ఫెయిల్.

సర్వర్ ఇంకా సీ++17 మీదే, అంటే 2017 వెర్షన్ మీదే ఉంది మరి. లాంబ్డాలు 2011లోనే వచ్చినా డెక్ల్‌టైప్, సైజాఫ్ లాంటి చోట్ల, అంటే కోడ్ నడవకుండా ఊరికే టైపు చూసే చోట, వాటిని రానివ్వలేదు. 17లో కంపైల్ టైమ్‌లో నడవనిచ్చారు గానీ ఇక్కడికి మాత్రం 20 దాకా నో ఎంట్రీనే.

టీమ్ లీడ్ వచ్చి "బయట వేరియబుల్‌లో పెట్టుకుని దాని డెక్ల్‌టైప్ తీస్కో బాబూ" అన్నాడు. వీడు అలాగే చేసి ఆ వేరియబుల్‌ని సెట్ కన్‌స్ట్రక్టర్‌కి ఇవ్వడం మర్చిపోయాడు, 17లో లాంబ్డాకి డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ ఉండదు కదా, అంటే సెట్ దాన్ని తనంతట తాను తయారు చేసుకోలేదు, మళ్ళీ ఎర్రర్. ఈ గోలంతా ఎందుకని లీడే సర్వర్‌లో కంపైలర్ వెర్షన్ ఫ్లాగ్ 20కి మార్చేశాడు, వీడు హ్యాపీగా తన పాత లైను వెనక్కి తెచ్చుకున్నాడు.

అసలు కథ ఇప్పుడు మొదలైంది. అదే లైనుని కాపీ చేసి ఇంకో ఫంక్షన్‌లో పేస్ట్ చేశాడు, ఇక్కడి సెట్‌ని అక్కడి సెట్‌కి అసైన్ చేద్దామని. ఎర్రర్ మెసేజ్ ఎంతుందంటే స్క్రోల్ చేసి చేసి వేలు నొప్పెట్టింది, సారాంశం ఏంటంటే రెండూ వేరే టైపులు. వాడు రెండు లైన్లనీ డిఫ్‌లో (తేడాలు చూపించే టూల్‌లో) పెట్టి, ఏ తేడా లేదని లాప్‌టాప్ ఎత్తుకుని లీడ్ దగ్గరికొచ్చాడు, "అన్నా, అక్షరం కూడా మారలేదు, కంపైలర్‌లోనే బగ్ ఉంది" అని.

"గుడి బయట నీ చెప్పుల్లాంటివే ఇంకో జత ఉంటే వేసుకొచ్చేస్తావా? రాసిన ప్రతి లాంబ్డాకీ దాని టైపు దానిదే."

వాడికి నచ్చలేదు గానీ, లాంబ్డా తీసేసి స్ట్రక్ట్ (సొంత పేరున్న టైపు) రాసి, లోపల ఫంక్షన్‌లా పిలవడానికి () ఆపరేటర్ పెట్టాడు, సీ++98 నాటి పద్ధతి. 17లోనూ 20లోనూ నోరెత్తకుండా కంపైల్ అయింది.

సాయంత్రం పక్క టీమ్ సీనియర్ రివ్యూ కామెంట్ పెట్టాడు: "ఇంత చిన్నదానికి స్ట్రక్ట్ ఎందుకు తమ్ముడూ, లాంబ్డా పెట్టొచ్చుగా?"