రక్తంలోంచి పోయింది సరే, ఒంట్లోంచి పోయిందా?

బెంగళూరు మారతహళ్లిలో మా పెదనాన్నకు ఎంఆర్ఐ తీయించినప్పుడు, స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనబడేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ మందు ఎక్కించేముందు, నర్సు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు అడిగి చూసింది. చిత్తూరు అమ్మాయి. "నీళ్లు బాగా తాగించండక్కా, రేపటికల్లా అంతా మూత్రంలో పోతుంది" అంది. చాలావరకు నిజమే. కానీ ఆ 'అంతా' అన్న మాట దగ్గరే నాకు పేచీ.

కాంట్రాస్ట్‌లో ఉండేది గాడోలినియం అనే లోహం. విడిగా ఉంటే విషం. అందుకే మరో అణువుతో గట్టిగా పట్టి బంధించి ఎక్కిస్తారు. కిడ్నీలు బాగుంటే రక్తంలో దాని మోతాదు సుమారు గంటన్నరకోసారి సగానికి పడిపోతుంది. కిడ్నీలు దెబ్బతింటే ఇదే 30 గంటలు దాటవచ్చు.

ఇలాంటి మందుల్ని మార్మోసెట్ లాంటి చిన్న కోతుల్లో పరీక్షించి 'త్వరగా పోతోంది' అంటే మనం వెంటనే ధైర్యపడకూడదు. మార్మోసెట్ బరువు 350 గ్రాములు, బెంగళూరు చెట్ల మీద రాత్రుళ్లు తిరిగే మన దేవాంగపిల్లి కన్నా కాస్త పెద్దది. ఒళ్లు చిన్నదైతే గుండె, కిడ్నీల పని వేగం ఎక్కువ. 70 కిలోల మనిషి దానికి 200 రెట్లు బరువు. జంతువు బరువును బట్టి ఒంటి పనుల వేగాన్ని అంచనా వేసే మామూలు సూత్రం ప్రకారం మన గంటన్నర దానికి దాదాపు 25 నిమిషాలు. ఇది అంచనా లెక్కే, కొలిచింది కాదు. పైగా కోతిని మత్తిచ్చి పడుకోబెట్టాలి. మత్తులో ఒళ్లు చల్లబడుతుంది, కిడ్నీలకు రక్తం తగ్గుతుంది. అంటే వేగంగా పోవాల్సింది నెమ్మదిస్తుంది. కోతి బరువు, మత్తు, ఈ రెండూ చెప్పకుండా నిమిషాలు మాత్రమే చెబితే ఆ అంకెతో మనకు పనిలేదు.

అసలు సంగతి రక్తం దాటాక మొదలవుతుంది. పదేపదే కాంట్రాస్ట్ తీసుకున్నవాళ్ల మెదడులో దాని జాడ ఉందని 2014లో జపాన్ వైద్యులు గుర్తించారు. లోహాన్ని గొలుసులా పట్టే రకాల్లో ఇది ఎక్కువ, ఉంగరంలా చుట్టి బిగించే రకాల్లో చాలా తక్కువ. 2017లో యూరప్ గొలుసు రకాల్లో చాలావాటిని ఆపేసింది. కిడ్నీలు బాగున్నవాళ్లకు మెదడులో మిగిలినదాని వల్ల హాని జరిగినట్టు రుజువు కాలేదు. కాబట్టి అవసరమైన స్కాన్ మానేసేంత టెన్షన్ అక్కర్లేదు.

కానీ ఏ రకం ఎక్కించారో మనకు తెలియాలి కదా! పెదనాన్న రిపోర్టులో 'కాంట్రాస్ట్ ఇచ్చాం' అని ఒక్క ముక్కే ఉంది. నేను తిరిగి వెళ్లి అడిగితే, పెన్నుతో పక్కన రాసిచ్చారు: గాడోటెరేట్, 12 మి.లీ. ఉంగరం రకమే. ఆ కాగితాన్ని పెదనాన్న షుగర్ ఫైల్లో మొదటి పేజీగా పెట్టాను.