ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే ముందు తీగను కొలవండి, తర్వాతే సెన్సార్ సంగతి

తిరుపతి, చిత్తూరు షెడ్లలో ఒక చెడ్డ అలవాటు పాతుకుపోతోంది. మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదని కారు తీసుకెళ్తే లోపాల కోడ్ చదివే స్కానర్ తగిలిస్తారు. ముందు కుడి క్రాష్ సెన్సార్ (గుద్దుకున్న దెబ్బను పసిగట్టేది) అని కోడ్ వస్తుంది. సెన్సార్ మార్చాలంటారు. మార్చాక కూడా లైటు ఆరకపోతే ఈసీయూ, అంటే సెన్సార్ సిగ్నల్ చూసి బ్యాగ్‌ను పేల్చే కంప్యూటర్ డబ్బా, పోయిందంటారు. అంత డబ్బు పెట్టలేమంటే గమ్మున బల్బు పీకి పంపించేస్తారు. ఇంత తతంగంలో ఒక్కసారైనా మల్టీమీటర్ చేతికి తీసుకోరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆ సెన్సార్ వైపు నుంచి సిగ్నల్ సరిగా అందడం లేదన్నంత వరకే ఆ కోడ్ చెప్తుంది. సెన్సార్ లోపలే పోయిందా, దారిలో తీగ తెగిందా, కప్లర్‌లో (తీగలు కలిపే ప్లగ్గులో) చిలుము పట్టిందా అన్నది మనం తేల్చుకోవాల్సిందే. ముందు సెన్సార్ ఉండే చోటు చూడండి. బంపర్ వెనక, రేడియేటర్ సపోర్ట్ మీద, ఎండకీ దుమ్ముకీ వాననీళ్లకీ ఎదురుగా ఉంటుంది. వాటర్ సర్వీసింగ్ వాళ్లు గ్రిల్ లోంచి ప్రెషర్‌తో కొట్టే నీళ్లన్నీ దాని కప్లర్ మీదే పడతాయి. బానెట్ కింద దూరిన ఎలక మొదట కొరికేది వైరింగే. ఈసీయూ మాత్రం గేర్ లివర్ కింద పొడిగా కూర్చుని ఉంటుంది. అందుకే మొదట అనుమానించాల్సింది తీగనీ కప్లర్‌నీ.

ఇంకో పెద్ద కారణం టింకరింగ్. బంపర్ కొట్టుకుని పనికి వచ్చిన కారులో సెన్సార్‌ని విప్పి వేలాడదీస్తారు. బిగించేటప్పుడు తీగ బ్రాకెట్‌కీ రేకుకీ మధ్య నలుగుతుంది. ఆ రోజు లైటు వెలగదు. కొన్ని నెలలకు ఇన్సులేషన్ అరిగి తీగ బాడీకి తగులుతుంది. అప్పుడు మాత్రం నేరం సెన్సార్ మీదకు పోతుంది.

కొలిచే పద్ధతి చెప్తాను. ఇగ్నిషన్ ఆఫ్ చేసి బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. ఈసీయూ లోపలి కెపాసిటర్లలో బ్యాగ్‌ను పేల్చేంత కరెంటు ఇంకా నిలవ ఉంటుంది. అది దిగిపోవడానికి కంపెనీని బట్టి 90 సెకన్లనీ 3 నిమిషాలనీ మాన్యువల్స్‌లో రాస్తారు. మాన్యువల్ దొరకకపోతే 10 నిమిషాలు ఆగండి, పోయేదేమీ లేదు. గడియారం, రేడియో సెట్టింగులు పోతాయని సిగరెట్ లైటర్ సాకెట్‌లో మెమరీ సేవర్ పెట్టకండి. అది పెడితే సిస్టమ్‌కి కరెంటు ఆగనట్టే.

తర్వాత సెన్సార్ దగ్గరి కప్లర్, ఈసీయూ దగ్గరి పసుపు కప్లర్ రెండూ విప్పండి. మీటర్ రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి చూస్తే 0.2 లేదా 0.3 ఓమ్ చూపిస్తుంది. అది ప్రోబు తీగలది, చివరి లెక్కలో తీసేయాలి. ఈ సెన్సార్లకు సాధారణంగా రెండు తీగలుంటాయి. ఒక్కో తీగను ఈ చివర నుంచి ఆ చివరికి కొలవండి. 1 ఓమ్ కంటే తక్కువ ఉండాలి. రెండు తీగల మధ్య, ఒక్కో తీగకీ బాడీ ఎర్తుకీ మధ్య 1 మెగా ఓమ్ కంటే ఎక్కువ ఉండాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయని అక్కడితో వదలకండి. ప్రోబులు క్లిప్పులతో పట్టించి, ఇంకొకరిని హార్నెస్ (తీగల కట్ట) పొడవునా కొంచెం కొంచెంగా వంచమనండి. సగం తెగిన తీగ బయటపడేది అప్పుడే. కొండ ఎక్కి దిగే ట్యాక్సీల్లో లైటు మలుపుల్లో వెలిగి, షెడ్డుకు వచ్చేసరికి ఆరిపోయే తంటా ఎక్కువగా ఇలాంటిదే.

చాలామంది చెడగొట్టేది ఇక్కడే: మీటర్ ప్రోబు మొనను కప్లర్ ముందు వైపు నుంచి టెర్మినల్‌లోకి గుచ్చుతారు. టెర్మినల్ వెడల్పయి పట్టు వదిలేస్తుంది. పాత ఫాల్ట్ దొరకకముందే కొత్త ఫాల్ట్ పెట్టినట్టు. వెనక వైపు నుంచి సన్నని పిన్నుతో కొలవాలి. పట్టు చూడాలంటే అదే సైజు మేల్ టెర్మినల్ (లోపలికి దూరే పిన్ను) దూర్చి లాగండి. బిగువుగా రావాలి.

తీగలన్నీ సరిగ్గా ఉన్నాయంటే అప్పుడు సెన్సార్. కుడి, ఎడమ సెన్సార్లకు పార్ట్ నంబరు ఒకటే అయితే, బ్యాటరీ విప్పి ఉండగానే అటుది ఇటు, ఇటుది అటు మార్చి, మళ్లీ కలిపి చూడండి. కోడ్ సెన్సార్‌తో పాటు పక్కకు పోతే సెన్సారే పోయింది. ఉన్న చోటే ఉంటే దారిలోనో ఈసీయూలోనో వెతకాలి. స్టీరింగ్ బ్యాగ్‌కి, సీటు బ్యాగ్‌కి మాత్రం ఎప్పుడూ ఓమ్ మీటర్ పెట్టకండి. మీటర్ ఇచ్చే కరెంటుతో బ్యాగ్ మీ ముఖం మీదే పేలొచ్చని మాన్యువల్స్ హెచ్చరిస్తాయి. బ్యాగ్ ఉన్న చోట 2 ఓమ్ దరిదాపు రెసిస్టర్ పెట్టి టెస్టు చేసే పద్ధతి వేరే ఉంది. టెస్టు అయ్యాక ఆ రెసిస్టర్‌ని అందులోనే వదిలేసి లైటు ఆర్పించే షెడ్లూ ఉన్నాయి. అది మోసం, అంతకు తక్కువ మాట లేదు.

తీగ తెగిందని తేలాక అతుకు సంగతి. కొన్ని కంపెనీలు ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌కి అతుకు వేయనే కూడదు, హార్నెస్ మార్చాల్సిందే అంటాయి. కొన్ని కప్లర్‌తో సహా చిన్న తీగ ముక్క కిట్టు ఇస్తాయి. మాన్యువల్ ఒప్పుకుంటేనే చేయండి. అదే మందం తీగ, లోపల జిగురున్న హీట్ ష్రింక్‌తో (వేడికి ముడుచుకునే గొట్టం) క్రింప్ స్ప్లైస్ (నొక్కి బిగించే అతుకు) వాడాలి. రెండు తీగల అతుకులు పక్కపక్కన రాకూడదు, వెనకాముందూ ఉండాలి. చేత్తో మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టే పని ఇక్కడ కుదరదు. ఆ రెండు తీగలూ ఒకదానికొకటి మెలికలు తిరిగి ఉంటే, అతికాక ఆ మెలిక మళ్లీ అలాగే తిప్పండి. హారన్, కాయిల్ నుంచి వచ్చే అలజడి సిగ్నల్‌లో కలవకుండా ఆపేది అదే.

సెన్సార్ మీద బాణం గుర్తుంటే మాన్యువల్ చెప్పిన దిక్కుకే చూడాలి. బోల్టు మాన్యువల్‌లోని టార్క్‌తో (బిగించే బలం లెక్కతో) బిగించాలి. వంగిన బ్రాకెట్‌ని సుత్తితో సరిచేసి దాని మీద బిగిస్తే సెన్సార్ దెబ్బను చదివే తీరే మారిపోతుంది. అలాగే ముందు ఇనుప క్రాష్ గార్డు పెట్టించుకున్నవాళ్లు దాన్ని తీసేయండి. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. దెబ్బను సెన్సార్‌కి చేరకుండా దారి మళ్లించే ఇనుమది.

సెకండ్ హ్యాండ్ కన్సల్టెన్సీలో కారు చూసేవాళ్లకు ఒక మాట. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగాలి. చాలా కార్లలో 6 సెకన్ల దగ్గర తనంతట తాను ఆరుతుంది. అసలు వెలగలేదంటే బల్బు పీకేసి ఉండొచ్చు. ఇంజిన్ స్టార్ట్ అయిన క్షణంలో ఆయిల్ లైటుతో పాటే ఆరిందంటే దాని తీగను ఆయిల్ లైటుకు కలిపేశారేమో చూడండి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నిలిచిన నీళ్లు గుర్తున్నవాళ్లు సీటు కింద కార్పెట్ ఎత్తి, పసుపు కప్లర్ విప్పకుండానే టార్చి వేసి చూడండి. పిన్నుల చుట్టూ పచ్చని పొడి కనిపిస్తే ఆ కారు బేరం పెట్టకండి.