జియోబాక్టర్‌కు గెజిటెడ్ హోదా ఇవ్వండి

యురేనియం కలిసిన భూగర్భ జలాన్ని జియోబాక్టర్ అనే బ్యాక్టీరియా శుభ్రం చేస్తుందని వినగానే చప్పట్లు కొట్టేవాళ్లు ఒక్కమాట అడగరు: ఆ యురేనియం ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. నీళ్లలో కరిగి తిరిగే ఆరో ఆక్సీకరణ స్థితి యురేనియానికి ఈ సూక్ష్మజీవి రెండు ఎలక్ట్రాన్లు అంటగడుతుంది. అంతే, అది నాలుగో స్థితికి దిగి, యురేనినైట్ వంటి కరగని రూపంలో మట్టిలో చతికిలబడుతుంది. రేడియోధార్మికత మాత్రం వీసమెత్తు తగ్గదు. యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల ఏళ్లు, దాని జోలికి ఎవరూ పోలేరు.

సమస్యను తీర్చకుండా కదలకుండా కూర్చోబెట్టి, నీటి పరీక్షలో కనబడటం లేదు గనుక లేనట్టేనని నివేదిక రాయించుకునే ప్రాణికి ఇన్నాళ్లూ సర్కారీ కొలువు దక్కకపోవడం ఘోరమైన అన్యాయం.

సర్వీసు రికార్డు కూడా మచ్చలేనిదే. 1987లో అమెరికాలోని పొటోమాక్ నది అడుగు బురదలో దొరికింది. ఆక్సిజన్ లేనిచోట ఇనుప ఖనిజానికి ఎలక్ట్రాన్లు అప్పగించి, అలా దాన్నే శ్వాసిస్తూ బతుకుతుంది. యురేనియం మీద కూడా బతకగలదని 1991లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త డెరెక్ లవ్లీ బృందం తేల్చింది. ఒంటి నుంచి పొడుచుకొచ్చిన పిలై అనే సన్నని పోగులతో యురేనియం పనిని బయటే ముగిస్తుందని, అవి లేకపోతే విషం కణం లోపలికి చేరి తనకే ముప్పని 2011లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. చేతికి మట్టి అంటకుండా ఫైలు నడపడం అంటే ఇదే.

మొదటి పెద్ద పోస్టింగు కొలరాడోలోని రైఫిల్ పట్టణంలో, పాత యురేనియం మిల్లు స్థలంలో. పథకం సులువు. 20 బావుల వరసలోంచి మూడు నెలలు జియోబాక్టర్‌కు తిండిగా అసిటేట్ ఎక్కించారు, దిగువన 15 బావుల్లో నీళ్లు తీసి చూశారు. భూగర్భ జలంలో అసిటేట్ 1 నుంచి 3 మిల్లీమోలార్ ఉండేలా చూసుకున్నారు, సోడియం అసిటేట్ లెక్కలో లీటరుకు 82 నుంచి 246 మిల్లీగ్రాములు. తొమ్మిది రోజులకే యురేనియం తగ్గడం మొదలైంది. 50 రోజుల్లో కొన్ని బావుల్లో 0.18 మైక్రోమోలార్ లక్ష్యం కిందికి దిగింది, అంటే లీటరుకు దాదాపు 43 మైక్రోగ్రాములు.

ఇక్కడ ఆడిట్ వాళ్లు చూడాల్సిన లెక్క ఒకటుంది. ఒక అసిటేట్ అణువు ఎనిమిది ఎలక్ట్రాన్లు ఇస్తుంది, యురేనియానికి కావలసినవి రెండే. నీళ్లలో యురేనియం 1 మైక్రోమోలార్, అసిటేట్ 3 మిల్లీమోలార్ (అంటే మూడు వేల రెట్లు) అనుకుంటే, విడుదలైన ప్రతి 12,000 ఎలక్ట్రాన్లలో అసలు లబ్ధిదారుకు చేరేది ఒక్కటి. మిగతాది ఇనుము మింగేస్తుంది. మన సంక్షేమ పథకాలను ఇకమీదట ఎవరూ ఆడిపోసుకోనక్కర్లేదు.

తర్వాత జరిగింది మరీ సుపరిచితం. తిండి ఆగకుండా అందుతుండేసరికి, 50 రోజులు దాటాక సల్ఫేటును శ్వాసించే బ్యాక్టీరియా వచ్చి కుర్చీలు ఆక్రమించింది. జియోబాక్టర్ మైనారిటీలో పడింది. నీళ్లలో సల్ఫేటు తగ్గి సల్ఫైడు పేరుకుంది, యురేనియం మళ్లీ పెరిగింది. నిధులు పెంచితే పని పెరుగుతుందన్నది భూమి పైన ఎంత నిజమో కిందా అంతే.

టెన్నెసీలోని ఓక్ రిడ్జ్ అణు కేంద్రంలో కథ ఇంకా ముదిరింది. అక్కడ 1951 నుంచి 1983 వరకు నైట్రిక్ ఆమ్లం, యురేనియం కలిసిన వ్యర్థాలను అడుగున ఏ పొరా లేని నాలుగు చెరువుల్లో పోశారు. ఆ తర్వాత పూడ్చి, పైన తారు పోసి, కార్ల పార్కింగ్ చేశారు. (ఇది వ్యంగ్యం కాదు, వాస్తవం.) అక్కడి నీళ్లలో ఆమ్లం ఎక్కువ, నైట్రేట్ విపరీతం. నైట్రేట్ ఉన్నంతసేపు బ్యాక్టీరియా యురేనియం ముఖం చూడదు, ఎందుకంటే నైట్రేటును శ్వాసిస్తే ఎక్కువ శక్తి గిట్టుతుంది. అందుకే ముందు నీళ్లు పైకి తోడి నైట్రేట్ తీసేసి, ఆమ్లత్వం తగ్గించి, ఆ తర్వాతే తిండిగా ఇథనాల్ ఇచ్చారు. యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాముల తాగునీటి పరిమితి కిందికి వచ్చింది. తర్వాత పరీక్ష కోసం ఆక్సిజన్ కరిగిన నీళ్లు పంపితే, కూర్చున్న యురేనియంలో కొంత లేచి మళ్లీ నీళ్లలోకి నడిచింది. సీటు పర్మనెంటు కాదన్నమాట. ఇథనాల్ ఆపితే, ఆక్సిజనో నైట్రేటో చొరబడితే, బదిలీ ఉత్తర్వు వచ్చేసినట్టే. బావుల నోళ్ల దగ్గర బ్యాక్టీరియా జిగురు, ఖనిజాలు పేరుకుని రంధ్రాలు మూసుకుపోవడం మరో తలనొప్పి.

ప్రత్యామ్నాయం మన దేశంలోనే ఉంది. రేడియేషన్‌ను లెక్కచేయని డీనోకాకస్ అనే బ్యాక్టీరియాలోకి టైఫాయిడ్ బ్యాక్టీరియా జన్యువును చొప్పించి, యురేనియాన్ని కరగని ఫాస్ఫేటుగా అవక్షేపం చేయించారు భాభా అణు పరిశోధనా కేంద్రం వాళ్లు. ఎలక్ట్రాన్ల లంచం అవసరం లేదు, ఫాస్ఫేటు ఎరవేస్తే చాలు. ఆరో స్థితిలోనే గట్టిపడుతుంది కనక ఆక్సిజన్ వచ్చినా భయపడదు.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర ముడిఖనిజాన్ని ఆమ్లంతో కాకుండా కార్బొనేటుతో కరిగిస్తారు. యురేనియం, కార్బొనేటు, కాల్షియం ముగ్గురూ చేతులు కలిపితే ఆ జట్టును విడగొట్టడం జియోబాక్టర్‌కు చాలా కష్టం, పని నత్తనడకన సాగుతుంది. కనక ఇలాంటి పద్ధతి వాడేచోట ఎవరైనా ఈ పథకం ప్రతిపాదిస్తే, అసిటేట్ టెండరు పిలవకముందే బావి నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్, నైట్రేట్ కొలిపించాలి. నైట్రేట్ పొలాల్లో చల్లిన యూరియా నుంచి కూడా వస్తుంది, కాబట్టి మొదటి జీవో వ్యవసాయ శాఖ తీయాలి. అది ఎన్నికల ముందు వస్తుందా, తర్వాతా అన్నది జియోబాక్టర్ సర్వీసు రూల్సులో లేదు.