అడగవలసినవాళ్లు అడగలేదు

టైటానిక్ శిథిలాలు చూడబోయి అయిదుగురు ప్రాణాలు పోగొట్టుకున్న రెండేళ్లకు, ఆ చావులు ఆపగలిగినవేనని అమెరికా కోస్ట్ గార్డ్ తేల్చింది. 2025 ఆగస్టు 5న బయటపెట్టిన మూడు వందల పైచిలుకు పేజీల నివేదిక చదువుతుంటే ఒళ్లు మండుతోంది. 2023 జూన్ 18న అట్లాంటిక్ లోతుల్లో నలిగిపోయిన, ‘ఓషన్‌గేట్’ కంపెనీ జలాంతర వాహనం ‘టైటాన్’కు రిజిస్ట్రేషన్ లేదు. ఏ సంస్థా ఇచ్చిన ధ్రువపత్రం లేదు. ప్రభుత్వ తనిఖీ లేదు. అంతకు ముందు ఏడాది ఒక యాత్ర ముగించి పైకి వస్తుండగా దాని కార్బన్ ఫైబర్ గొట్టంలో పెద్ద చప్పుడు వినిపించినా వాడకం ఆపలేదు. చలికాలమంతా కెనడా మంచులో ఆరుబయట పడేశారు. మనిషికి రెండున్నర లక్షల డాలర్ల దాకా తీసుకుని, వాళ్లను ప్రయాణికులు అంటే చట్టం అడ్డొస్తుందని ‘మిషన్ స్పెషలిస్టులు’ అని పేరు పెట్టారు. తండ్రి వెంట వెళ్లిన 19 ఏళ్ల కుర్రాడు కూడా వాళ్ల లెక్కలో స్పెషలిస్టే.

ఇన్ని జరుగుతుంటే ఎవరూ ఎందుకు ఆపలేదు? అంతర్జాతీయ జలాల్లో తిరిగే ఇలాంటి వాహనానికి ధ్రువపత్రం ఉండాలని నిబంధన అడగలేదు. ఈ జవాబు మనకు కొత్తది కాదు. అదే సముద్రంలో, అదే చోట, 1912లో విన్నదే.

1912 ఏప్రిల్ 14 రాత్రి 11.40కి మంచుకొండను తాకిన టైటానిక్ మీద సుమారు 2,200 మంది ఉన్నారు. ఉన్న 20 లైఫ్‌బోట్లలో పట్టేది 1,178 మంది. అన్నీ నిండుగా దింపినా మరో వెయ్యి మందికి చోటే లేదు. అంత పెద్ద ఓడ అలా ఎలా బయల్దేరింది? చట్టం ప్రకారమే బయల్దేరింది. లైఫ్‌బోట్ల సంఖ్యను బ్రిటన్ వాణిజ్య మండలి ఓడలో ఎక్కే మనుషులను బట్టి కాక, ఓడ టన్నులను బట్టి లెక్కకట్టేది. 1894 నాటి ఆ పట్టిక పది వేల టన్నుల దగ్గర ఆగిపోయింది. ఆ పైన ఎంత పెద్ద ఓడైనా 16 పడవలు చాలు. టైటానిక్ 46,328 టన్నులు. నిబంధన అడిగినదానికంటే నాలుగు పడవలు ఎక్కువే మోసింది. పడవలను కిందికి దింపే ఒక్కో జత ఇనుప చేతులకు నాలుగేసి పడవలు తగిలించే వీలున్న సరంజామాను ఓడ రూపకర్తల్లో ఒకరైన అలెగ్జాండర్ కార్లైల్ ముందే సూచించారు. నిబంధన అడగలేదు గనుక కంపెనీ తగిలించలేదు.

ఆ తర్వాత జరిగినది ఇంకా ఘోరం. పాత పట్టికను పద్దెనిమిదేళ్లు ముట్టుకోని వాణిజ్య మండలి పేరిటే లండన్‌లో విచారణ జరిగింది. విచారణ జరిపిన న్యాయమూర్తి లార్డ్ మెర్సీ ముందు నిలబడిన ఆ మండలి మాజీ సలహాదారు ఆల్‌ఫ్రెడ్ చామర్స్, పడవలు ఇంకా తక్కువ ఉంటే నిండుగా దింపేవారని, అప్పుడు ఎక్కువ మంది బతికేవారని వాదించారు! సౌతాంప్టన్‌లో ఓడను తనిఖీ చేసిన అధికారి మోరిస్ క్లార్క్ తన తనిఖీ పద్ధతి సరిపోదని ఒప్పుకున్నారు. మరి ఎందుకు అలాగే చేశారంటే, తాను ప్రభుత్వోద్యోగినని, ఆనవాయితీ తమను బాగానే నడిపిస్తుందని జవాబిచ్చారు. పదిహేను వందల మంది శవాల మీద నిలబడి చెప్పిన మాట అది.

మూడో తరగతిలో ప్రతి నలుగురిలో ముగ్గురు చనిపోయారు. బతికిన ఆ ఒక్కరిలో ఏ ఒక్కరినీ ఆ విచారణ సాక్ష్యానికి పిలవలేదు. కంపెనీ అధిపతి ఇస్మేను పక్కన పెడితే, అది పిలిచిన ప్రయాణికులు ఒకే ఒక్క మొదటి తరగతి జంట. నలభై మంది పట్టే పడవలో పన్నెండు మందితో దిగిపోయిన జంట. ప్రయాణికుల్లో ఇంకెవరినీ అడగకుండానే, మూడో తరగతి వారి పట్ల వివక్ష జరగలేదని తీర్పు ఇచ్చారు. మంచు హెచ్చరికలు వచ్చినా వేగం తగ్గించని కెప్టెన్‌ది పొరపాటే గాని నిర్లక్ష్యం కాదన్నారు, అందరూ అలాగే నడుపుతున్నారు గనుక. పాత పట్టికను సవరించనందుకు వాణిజ్య మండలిని తప్పుపట్టారు, నిజమే. కానీ ఏ అధికారీ జైలుకు పోలేదు. అంత జరిగాక గాని 1914లో లండన్‌లో సముద్ర భద్రతపై అంతర్జాతీయ ఒప్పందం కుదరలేదు.

నిబంధనలు బిగిస్తే కొత్త ఆవిష్కరణలు ఆగిపోతాయని, టైటాన్ ఎక్కినవాళ్లు ప్రమాదం తెలిసే సంతకాలు పెట్టి వెళ్లారని కొందరు అంటున్నారు. సాహసం చేసేవాడి హక్కును ఎవరూ కాదనరు. పగిలే గొట్టంలో కూర్చోబెట్టి ఏమీ కాదని నమ్మించడం సాహసం కాదు, మోసం.

టైటాన్ విషయంలో హెచ్చరిక రాలేదా? వచ్చింది. ఓషన్‌గేట్ కంపెనీలోనే ముఖ్య పదవిలో ఉన్న డేవిడ్ లాక్‌రిడ్జ్ లోపాలను రాసి ఇస్తే 2018లో ఉద్యోగం ఊడింది. అదే ఏడాది ఆయన అమెరికా కార్మిక భద్రత సంస్థ ‘ఓషా’కు ఫిర్యాదు చేశారు. ఆ విచారణ నత్తనడక నడిచింది. కంపెనీ ఆయన మీదే దావా వేసింది. చివరికి ఆయన ఫిర్యాదు వెనక్కు తీసుకున్నారు. ఆ ఫిర్యాదును సకాలంలో పట్టించుకుని ఉంటే కథ మారి ఉండేదేమోనని కోస్ట్ గార్డ్ నివేదికే అంటోంది. అంటే నిబంధన అడగలేదన్న సాకు కూడా ఇక్కడ పూర్తిగా చెల్లదు. అడగడానికే జీతం తీసుకునే సంస్థ చేతికి కాగితం అందింది, అది అడగలేదు. 1912లో పట్టిక పాతదని తెలిసిన వాణిజ్య మండలీ అడగలేదు. అప్పుడు వాళ్లను వదిలేశారు గనుకే ఇప్పుడు వీళ్లకూ భయం లేదు.

కంపెనీ అధిపతి స్టాక్‌టన్ రష్ బతికి ఉంటే క్రిమినల్ కేసుకు సిఫార్సు చేసేవాళ్లమని నివేదిక రాసింది. ఆయన తన టైటాన్‌తోనే పోయారు. చనిపోయినవాడి మీద పెట్టలేని కేసు గురించి చెప్పడం తేలిక. బతికున్నవాళ్ల సంగతి చెప్పండి. లాక్‌రిడ్జ్ ఫిర్యాదు ఏ అధికారి బల్ల మీదికి వెళ్లింది? అక్కడ ఎన్నాళ్లు పడి ఉంది? ఆ అధికారి ఇంకా అదే కుర్చీలో ఉన్నారా? వాషింగ్టన్ జవాబు చెప్పి తీరాలి.