హాస్యానికి కట్టిన దిండు

ఆద్యంతం పాటలతో నడిచే పాశ్చాత్య సంగీత నాటకమైన ఒపెరాను వెక్కిరించదలచిన వారందరికీ ఎక్కడి నుంచో ఒక రహస్య శాసనం అందినట్లుంది. దాని ప్రకారం వేదిక మీదికి ముందుగా ఒక స్థూలకాయురాలు రావాలి. ఆమె నెత్తిన కొమ్ముల శిరస్త్రాణం, చేతిలో బల్లెం, పొట్టకు దిండు తప్పనిసరి. ఆమె నోరు తెరవగానే గాజుగ్లాసు పగలాలి, రెండో ఆలాపనకు వాద్యబృంద నాయకుడి విగ్గు ఎగరాలి, మూడో ఆలాపనకు పైనున్న దీపాల గుత్తి ఊడి ముందు వరుసలోని పెద్దమనిషి ఒళ్లో పడాలి. అటుపిమ్మట గుండెలో కత్తి దిగిన కథానాయకుడు, సెలవు మంజూరు కాని గుమాస్తాలా, చావకుండా పది నిమిషాలు పాడి, పడి, లేచి, మరిచిపోయిన చరణం గుర్తొచ్చి మళ్లీ పాడాలి. ఇందులో ఒక్క స్వరమూ శుద్ధంగా పలకకపోవడమే కళాధర్మం.

కొమ్ముల విషయంలో వీరి పాండిత్యం అమోఘం. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో, స్వరకర్త వాగ్నర్ ఒపెరా 'రింగ్'కు దుస్తులు రూపొందించిన చిత్రకారుడు డోప్లర్ కొన్ని పాత్రలకు కొమ్ములు తగిలించాడు. అసలు ఉత్తర ఐరోపా సముద్రయోధులైన వైకింగులు అలాంటివి ధరించినట్లు తవ్వకాల్లో ఆధారమే దొరకలేదు. ఆ చిత్రకారుడి ఊహనే వీరు ఇప్పటికీ హాస్యమని అమ్ముకుంటున్నారు.

లండన్ రచయిత జాన్ గేకు పాపం ఈ శాసనం అందలేదు. 1728లో ఇటాలియన్ ఒపెరాను వెక్కిరిస్తూ అతడు రాసిన 'బెగ్గర్స్ ఒపెరా'లో రాజకుమారులకు బదులు దొంగలు, అంతఃపురానికి బదులు న్యూగేట్ జైలు, ఘనమైన ఇటాలియన్ గీతాలకు బదులు వీధిపాటల బాణీలు ఉంటాయి. ఒపెరా సుఖాంతం కావలసిందే గనుక ఉరికంబమెక్కవలసిన దొంగకు చివరి క్షణంలో క్షమాభిక్ష దొరుకుతుంది. తొలి సీజన్‌లోనే అది 62 రాత్రులు ఆడింది. ఆ దొంగల్లో ప్రధాని వాల్పోల్ పోలికలను జనం ఇట్టే పసిగట్టారు; దాని తరువాయి భాగమైన 'పాలీ'ని వేదిక ఎక్కనివ్వకుండా ప్రభుత్వం నిషేధించింది. దిండు కట్టుకున్న పేరడీని నిషేధించవలసిన అగత్యం ఏ ప్రభుత్వానికీ కలగదు.

ఇక్కడితో నా నవ్వు అయిపోయింది. 2004లో లండన్ రాయల్ ఒపెరా, గాయని డెబొరా వాయిట్ ఒక నల్ల గౌనులో ఇమడదన్న కారణంతో ఆమెను స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ఒపెరాలోని పాత్ర నుంచి తప్పించింది. గొంతులో లోపం చూపి కాదు, నడుము కొలత చూసి! మైకు లేకుండా, అంత వాద్యఘోషను దాటి చివరి వరుసకు చేరే గాత్రం కోసం ఒక మనిషి ఏళ్ల తరబడి సాధన చేస్తే, మీ కళ్లకు కనిపించేది ఆమె ఒళ్లేనా? దిండు కట్టి నవ్వించేవాడికీ, టేపు పట్టుకుని తీర్పు చెప్పేవాడికీ నాకు తేడా కనిపించదు. 2008లో అదే పాత్రకు ఆమెను మళ్లీ పిలిచారు. అప్పటికి ఆమె బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకుని ఉంది.