మావాడే, మావాడే!

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి, 18 ఏళ్లకే ప్రపంచ చెస్ చాంపియన్ అయ్యాడు గుకేశ్. బల్ల ముందు కూర్చుని ఏడుస్తున్న ఆ కుర్రాడి కళ్లింకా ఆరలేదు, ఇక్కడ పంపకాలు మొదలయ్యాయి. మన తెలుగు కుర్రాడన్నారు ఆంధ్ర ముఖ్యమంత్రి. తమిళనాడుకు గర్వకారణమన్నారు అక్కడి ముఖ్యమంత్రి. పుట్టి పెరిగింది చెన్నై, ఇల్లు తెలుగిల్లు. ఇక ఇరువైపులా నెటిజన్లు గొడ్డళ్లు తీశారు.

నదీజలాలకు ఉన్నట్టే దీనికీ ఒక ట్రిబ్యునల్ వేయాలని నా మనవి. తెల్లపావులతో గెలిచిన రెండు ఆటలూ వాళ్లవి. నల్లపావులతో గెలిచిన ఆఖరిది, పద్నాలుగోది మనది. డ్రాలు కేంద్రానికి.

ఆ ఊపులోనే మా పేటలో ఒక పదమూడేళ్ల చెస్ పిల్లకి సన్మానం పెట్టారు. పదింటికి రావాల్సిన ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చారు. శాలువా కప్పితే పిల్ల కనిపించలేదు. ఫోటో సరిగా రాలేదని తీసి మళ్లీ కప్పారు. తర్వాత సార్ బోర్డు ముందు కూర్చుని రాజు ముందున్న బంటును ఏకంగా మూడు గళ్లు తోశారు. చప్పట్లు! పిల్ల ఉండబట్టలేక దాన్ని మెల్లగా ఒక గడి వెనక్కి జరిపింది. "సార్ వేసిన ఎత్తు మారుస్తావా?" అని నిర్వాహకుడు కసిరి, బంటును మళ్లీ ముందుకు జరిపాడు. వేదిక మీద ఉన్న పదకొండు మందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

గుకేశ్‌ను నాలుగో తరగతి తర్వాత బడి మాన్పించారు. చెవి, ముక్కు, గొంతు డాక్టరైన తండ్రి ప్రాక్టీస్ ఆపుకుని కొడుకు వెంట టోర్నమెంట్లకు తిరిగాడు. తల్లి జీతంతో ఇల్లు నడిచింది. స్పాన్సర్లు లేని ఆ రోజుల్లో డబ్బు సర్దింది తల్లిదండ్రుల స్నేహితులు. అప్పుడెక్కడికి పోయారయ్యా ఈ "మా"వాళ్లంతా? ఆ 14వ ఆట అటూ ఇటూ అయ్యుంటే ఇదే నోళ్లతో ఏమనేవాళ్లు? "బంగారం లాంటి చదువు మాన్పించి పిల్లాణ్ణి పాడు చేశారు" అనేవాళ్లు కాదూ! సిగ్గుండాలి.

మా పేట పిల్ల వచ్చే నెల టోర్నమెంటుకి వెళ్లాలి. రైలు టికెట్ల కోసం వాళ్ల నాన్న నిర్వాహకుడికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నారట. శాలువా మాత్రం పిల్ల వాళ్లింట్లో వాషింగ్ మెషీన్ మీద ఉంది. దానికి కొలత బాగా సరిపోయింది.